పైది తీశా, వదినా!

పాత టెలిఫోన్ పెట్టెలో ఫ్యాను ఆగిపోయింది. మీద చెయ్యి పెడితే కాలుతోంది. అంబులెన్స్ కోసం ఎవరు ఫోన్ చేసినా ఆ కాల్ ఈ పెట్టెలోంచే పక్కగదికి వెళ్లాలి. అది చచ్చేలోపు, రాక్‌లో దాని కిందే బిగించిన కొత్త పెట్టెకి కరెంటు ఇవ్వాలి.

"ఎంతసేపమ్మా?" తలుపులోంచి తొంగిచూసింది అంబులెన్స్ సూపర్‌వైజర్.

"అయిపోయినట్టేనండీ," అంది టెక్నీషియన్. ఇంకా మొదలే కాలేదు.

రోజూ తోడుండే మనిషి జ్వరంతో పడుకున్నాడు. ఇవాళ ఆమె వెంట వచ్చింది మరిది. మొన్నటిదాకా అల్మారాలు చేసిన వడ్రంగి. చెక్కపని సన్నగిల్లి వదిన పనిలో చేరాడు.

"కొత్తదానికొచ్చే రెండు తీగలూ నల్లగానే ఉన్నాయేంటి వదినా?"

"నీలం టేపు చుట్టింది మైనస్. ఇక్కడ ప్లస్‌ని నేలకి కలిపేస్తారు. జాగ్రత్తపడాల్సింది మైనస్‌తోనే."

"మైనస్ అంటే ఏమీ లేనట్టు కదా?"

"అది మీ అన్నయ్య బుర్ర. ఇది వేరు. షాక్ పెద్దగా కొట్టకపోవచ్చు. పానా రెండింటికీ ఒకేసారి తగిలిందా, కరిగి మొహాన పడుతుంది."

మరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

కరెంటు ప్యానెల్ గది అవతలి చివర, రాక్‌ల వరస వెనక ఉంది. దానిలో రెండు బ్రేకర్లు. పైది కొత్త పెట్టెకి, కిందది పాతదానికి. తీగల్ని పరీక్షించడానికి పొద్దున పైది వేసి అలాగే ఉంచారు. తీగ ఎవరు ముట్టుకుంటారో వాళ్లే వెళ్లి బ్రేకర్ దించి, తాళం వేసుకుని రావాలన్నది ఈ పనిలో రివాజు. కానీ ఉడుకుతున్న పెట్టెని వదిలి కదలాలంటే ఆమెకి భయమేసింది. పైది తియ్యమని మరిదిని పంపింది.

ఫ్యాన్ల హోరులో గొంతు చించుకోవాల్సి వచ్చింది.

"పైది తీశావా?"

"తీశా వదినా!"

మీటర్ ఎర్ర పిన్ను నీలం టేపు తీగకి, నల్ల పిన్ను రెండోదానికి ఆనించింది. మైనస్ నలభై ఎనిమిది. మైనస్ చూపిందంటే తీగలు తారుమారు కాలేదు, కానీ నలభై ఎనిమిది వోల్టుల కరెంటు అలాగే ఉంది.

"తీశావా లేదా?"

"తీశానంటే నమ్మవేం! ఒట్టు!"

మీటర్ చెడిందేమో. టార్చిలోని బ్యాటరీ తీసి దాన్ని కొలిచి చూసింది. మీటర్ భేషుగ్గా ఉంది. ప్యానెల్ వెనకున్న పెద్ద బ్యాటరీల పనా? అవి ఎంత పెద్దవైనా దించిన బ్రేకర్ దాటి రాలేవు. బ్రేకర్ల మీద అంటించిన పేర్ల చీటీలు తారుమారయ్యాయా? పైది పాత పెట్టెదైతే, అది ఈపాటికి ఆగిపోవాలి. ఆగలేదు. కొత్తదానిదైతే, ఈ తీగ చచ్చిపోవాలి. చావలేదు. మరి పైది దేనిది? దేనిదీ కాదా?

పాత పెట్టె నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. దాంతో ఆమెకి మిగిలిన కాస్త మతీ పోయింది. పైది ఉత్తదైతే, కొత్త తీగ కిందదానికి తగిలించి ఉండాలి. అంతే, ఇంకేం ఉంటుంది?

"కిందది కూడా తియ్!"

మాట నోరు దాటాక తట్టింది. కిందది నిజంగానే పాత పెట్టెదైతే?

"వద్దు! ఆగు!"

"అదీ తీశా!"

ఆమె పాత పెట్టె వైపు చూసింది. పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటూనే ఉన్నాయి. మీటర్ చూసింది. మైనస్ నలభై ఎనిమిది. రెండూ తీసినా రెండూ బతికే ఉన్నాయి. ఇది కరెంటా, కనికట్టా?

రాక్‌ల వరస చుట్టూ పరుగెత్తింది.

మరిది ప్యానెల్ ముందు బుద్ధిగా నిలబడి ఉన్నాడు. రెండు బ్రేకర్ల మీదున్న చిన్న రేకు తలుపుల్నీ బార్లా తెరిచి, మూసుకుపోకుండా చెరో చేత్తో పట్టుకున్నాడు. లోపల రెండు మీటలూ పైకే ఉన్నాయి.

"తీశాగా," అన్నాడు. "కిందదాని మడతబందు బిగుసుకుపోయింది. చుక్క నూనె వెయ్యాలి."

"తియ్యమంటే... తలుపు తీశావా?"

"తలుపు కాక ఇంకేం తీస్తారు?"

ఆమె కింది మీట వైపు చూసింది. ఈ మనిషికి తన మాట అర్థమై, ఆ కింది మీట దించి ఉంటే, ఎవరో ఎక్కడో అంబులెన్స్ కోసం చేసిన ఫోన్ ఉత్తి గాలికి మోగేది.

పైమీట తన చేత్తోనే దించింది. తాళం వేసి చెవి జేబులో పెట్టుకుంది. వెనక్కి వచ్చి మీటర్ చూసింది. సున్నా. ముందు ఎర్త్ తీగ, తర్వాత ప్లస్ తీగ, చివరికి నీలం టేపుది. ఒక్కోటీ బిగించి, లాగి చూసి, మీద మూత పెట్టింది. తానే వెళ్లి తాళం తీసి మీట లేపింది. కొత్త పెట్టె ఫ్యాను గుర్రుమంది. పాత పెట్టెలోని ఫోన్ లైన్లు ఒక్కొక్కటే దానికి మార్చింది.

పక్కగదిలో ఫోన్ మోగింది. "అంబులెన్స్. చెప్పండి, ఎక్కడ?" సూపర్‌వైజర్ గొంతు.

మరిది చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "వదినా, ఇంతకీ నేను చేసింది తప్పా, ఒప్పా?"

ఆమె పానా పట్టుకుని అతని మొహంలోకి చూసింది. తిట్టాలా? తిడితే ఏమని? మెచ్చుకోవాలా? దేనికని?

"తెలీదురా," అంది. "నన్నడక్కు."