ఇల్లు అని ఉన్న నంబరు

ల్యాండ్‌ఫోను మీద కప్పిన కుట్టుపని గుడ్డను తీసి, దులిపి, మళ్లీ కప్పడం లక్ష్మీదుర్గ రోజూ పొద్దున్న చేసే పదహారో పని. ఆ ఫోను మోగి నాలుగేళ్లయింది. ఆఖరిసారి మోగింది కూడా రాంగ్ నంబరే. అయినా గుడ్డ మీద దుమ్ము కనబడితే అత్తగారు వెంకటనరసమ్మ ఊరుకోదు.

"మీ మావయ్యగారు ఆరేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చిన ఫోనమ్మా అది. ఊరంతటికీ అదొక్కటే ఉండేది" అంటుంది.

ఆ రోజుల్లో ఫోను కోసం వచ్చిన ఊరందరికీ కాఫీలు కలిపింది తనేనన్న సంగతి మాత్రం ఆవిడ ఎప్పుడూ చెప్పదు. మర్చిపోయి ఉంటుంది.

ఫోను చచ్చినా దాని వెనక రాగి తీగ బతికే ఉంది. దుర్గ బ్రాడ్‌బ్యాండు వచ్చేది ఆ తీగ మీదే. వంటగది పక్కన, ఒకప్పుడు వలలు పడేసిన చిన్న గదిలో కూర్చుని ఒక హైదరాబాదు కంపెనీకి ఆసుపత్రుల రికార్డులు సరిచూసి పెడుతుంది. తొమ్మిది నుంచి ఆరు దాకా. ఇంట్లోవాళ్లకి అది ఉద్యోగం కాదు. "దుర్గ లోపల కంప్యూటరు చూసుకుంటోంది" అంటారు, టీవీ చూసుకుంటోంది అన్నట్టు.

పదో తారీఖున టెలిఫోను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి రాగి లైన్లన్నీ తీసేస్తున్నారు. కావాలంటే ఫైబరుకి మారొచ్చు, దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ సంగతి కంపెనీకి రాస్తే గంటలో జవాబొచ్చింది. ఒకటో తారీఖు ఉదయం తొమ్మిదింటికి కొత్త లైను మీద లాగిన్ అవ్వాలి. ఫోను డేటా పనికిరాదు. అవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి.

ఉత్తరం పట్టుకుని వరండాలోకి వెళ్లింది.

"మావయ్యగారూ, ఇది మీ పేరు మీద ఉందండీ. ఒక్క సంతకం పెడితే నేనే వెళ్లి ఇచ్చొస్తాను."

బుల్లిరాజు ఉత్తరాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. కళ్లజోడు లేకుండానే చూశాడు.

"ఆలోచిద్దాం" అన్నాడు.

పదిహేడు రోజులు ఆలోచించారు. వరండాలో రోజూ పదకొండింటికి ఆరుగురి సభ. చేపల వ్యాపారి బంగారురాజు అధ్యక్షుడు.

"ఫైబరంటే గాజండీ బాబూ. గట్టిగా గాలేస్తే పగిలిపోద్ది."

"మా తోడల్లుడు వేయించాడండి. ఎలక కొరికేసింది."

"అసలు గోడకి కన్నం ఎటేపు పెడతారండీ? ఈశాన్యం మూల కన్నం పడితే ఇంకేవన్నా ఉందా?"

ఆ మాట మీద మూడు రోజులు గడిచాయి. ఆ ఆరుగురిలో ఒక్కడు కూడా తన జన్మలో పాస్‌వర్డు కొట్టి ఎరగడు. పిల్లల చేతో పెళ్లాం చేతో కొట్టించుకున్నవాళ్లే. సభకి టీలు దుర్గవే. హెడ్‌సెట్టు తీసి, టీ కాచి, అందించి, మళ్లీ హెడ్‌సెట్టు పెట్టుకునేది. అక్కడ తేలుతున్నది తన ఉద్యోగం; ఆ ఇంట్లో ఆ తీగతో పనున్న మనిషి తనొక్కతే. ఆ మాట ఎవరికైనా తట్టి, నీకెలా కావాలమ్మా అని అడుగుతారేమోనని మొదటి నాలుగు రోజులూ ట్రే పట్టుకుని అర నిమిషం ఎక్కువ నిలబడింది. నిలబడినందుకు తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది. ఐదో రోజు బంగారురాజు తలెత్తి చూశాడు.

"అమ్మాయ్, పంచదార తక్కువైంది."

భర్త భానుప్రకాష్ ఇంకా తెలివైనవాడు. "నా ఫోను హాట్‌స్పాట్ పెట్టుకో. దీనికింత రాద్ధాంతమేంటి?" అన్నాడు. ఫోను డేటా వద్దన్నారని చెబితే వినలేదు. పైగా ఆ ఫోను జేబులో వేసుకుని ఎనిమిదింటికల్లా చేపల చెరువుకి వెళ్లిపోతాడు. ఏడు కిలోమీటర్ల అవతల నుంచి ఆ హాట్‌స్పాట్ తన గదిలోకి ఎలా వస్తుందని అడిగింది.

"ప్రతిదానికీ ఎదురుమాటే నీకు" అన్నాడు.

పద్దెనిమిదో రోజు సాయంత్రం బుల్లిరాజు మీసం దువ్వుకుంటూ ఇంట్లోకొచ్చాడు.

"పనైపోయిందమ్మా దుర్గా! ఫైబరొచ్చేసింది. పాత నంబరే. పోనివ్వలేదు."

దుర్గ చేతిలో గరిటె అలాగే ఉండగా గదిలోకి పరుగెత్తింది. కొత్త డబ్బా లేదు. హాల్లో చూసింది. లేదు.

"ఏవండీ, ఎక్కడ పెట్టారు?"

"చెరువు దగ్గర కాపలా షెడ్డులో" అన్నాడు భానుప్రకాష్. "చేపలెత్తుకుపోతున్నారు కదా, కెమెరాలు పెట్టాం. ఇక్కడ కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు. బంగారురాజుగారి ఐడియా."

"మరి నా ఉద్యోగం?"

తండ్రీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుర్గ ఆ రెండు మొహాల్లోనూ వెతికింది. దురుద్దేశం దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. వాళ్లకి నిజంగానే గుర్తులేదు. కుట్ర అయినా బాగుండేది. ఒకరి మీద కుట్ర చేయాలంటే ముందు ఆ మనిషి ఉందని గుర్తుండాలి.

"అయ్యో, అదొకటుంది కదూ" అన్నాడు భానుప్రకాష్. "పోనీలే. ఈసారి చేపలు పట్టాక చూద్దాం."

చెరువులో బొచ్చె చేపలకి ఇంటర్నెట్ వచ్చింది. పన్నెండేళ్లుగా ఆ బొచ్చెల్ని పులుసు పెడుతున్న మనిషికి రాలేదు.

ఇంక మూడు రోజులు. ఏడవడానికి కూడా టైము లేదు. మర్నాడు కంపెనీకి సెలవు పెట్టి, ఆటో ఎక్కి కైకలూరులో దిగింది. ఇంకో ఫైబరు కంపెనీ వాళ్ల షాపుంది అక్కడ. కౌంటరులో అమ్మాయి, పేరు స్నేహలత, అలవాటుగా అడిగింది.

"మీ వారు రాలేదాండీ?"

"రావాలాండీ?"

"రూల్లో లేదండీ. మీ ఆధారు, ఎక్కడ పెట్టాలో ఆ అడ్రసు ఉంటే చాలు. అందరూ వాళ్లాయన్నే తీసుకొస్తారు కదండీ, మాకూ అడగడం అలవాటైపోయింది."

ఆరుగురు మగవాళ్లు. పదిహేడు రోజులు. నూటరెండు టీలు. దుర్గకి నవ్వొచ్చింది.

"అడ్రసు చెప్పండి."

నోటి దాకా వచ్చిన ఇంటి అడ్రసు ఆగిపోయింది. ఇంట్లో పెట్టాలంటే గోడకి కన్నం పెట్టాలి. కన్నం ఎటువైపో తేలాలంటే మళ్లీ సభ. మళ్లీ టీలు. మళ్లీ పంచదార. షాపు అద్దంలోంచి రోడ్డు అవతలకి చూసింది. రాజ్యం టైలరింగ్. ఎనిమిదేళ్లుగా తన జాకెట్లు కుట్టే మనిషి. మేడ మీద గదికి 'అద్దెకు ఇవ్వబడును' అన్న అట్ట వేలాడుతోంది.

"రెండు నిమిషాలండీ" అని రోడ్డు దాటింది.

"గదెవరికమ్మా?" అంది రాజ్యం, మెడలో టేపు సర్దుకుంటూ.

"నాకే."

"నీకా? ఏం చేసుకుంటావు?"

"కూర్చుని పని చేసుకుంటాను."

రాజ్యం ఆమెని నిలువునా చూసింది, కొలత తీసుకుంటున్నట్టు. "తాళాలు రెండున్నాయి. రెండూ నువ్వే ఉంచుకో" అంది.

ఒకటో తారీఖు పొద్దున్న ఎనిమిదింటికి దుర్గ ఇడ్లీలు బల్ల మీద పెట్టింది. ఒక్క మనిషికి సరిపడా క్యారేజీ కట్టుకుంది. కంప్యూటరు సంచి భుజాన వేసుకుంది.

"ఆఫీసుకెళ్తున్నానండీ, అత్తయ్యగారూ."

కోడలి నోట ఆ ఇంట్లో ఆ మాట వినబడడం అదే మొదలు. వెంకటనరసమ్మ తోచింది అడిగింది.

"ఫోను మీద గుడ్డ దులిపావా?"

"లేదండీ."

తొమ్మిదింటికి మేడ మీద గదిలో డబ్బా మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. లాగిన్ అయింది. కింద కుట్టుమిషను టకటకలాడుతోంది. ఎవరూ పిలవలేదు. రెండు గంటల్లో ఎప్పుడూ చేసేదానికి రెండింతలు రికార్డులు పూర్తిచేసింది.

పదకొండు దాటాక సెల్లు మోగింది. తెర మీద 'ఇల్లు' అని కనబడింది. పెళ్లైన కొత్తలో తనే అలా రాసుకున్న నంబరు. ఇప్పుడది మోగిస్తున్నది కాపలా షెడ్డులోంచి, చేపల మేత బస్తాల మధ్య నుంచి.

"ఎక్కడున్నావు నువ్వు?" భానుప్రకాష్ గొంతు. "బంగారురాజుగారు వాళ్లూ వచ్చి కూర్చున్నారంట. టీ ఎవరు పెడతారు? మధ్యాహ్నం వంట సంగతేంటని నాన్నగారు అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?"

దుర్గ తర్వాతి రికార్డు తెరిచింది.

"ఆలోచిద్దామండీ" అంది. "ఒక పదిహేడు రోజులు."