చెప్పకూడని చెప్పులు

ఝాన్సీలక్ష్మి సైకాలజీలో పీజీ చేసి, నరసరావుపేటలో ఎరువుల కొట్టు పైఅంతస్తులో ఉన్న కౌన్సెలింగ్ సెంటర్లో ట్రైనీగా చేరింది. పని నేర్పేది కృపానందం సార్. ఆయన మొదటిరోజే రెండు సంగతులు చెప్పాడు. గదిలో విన్నది గది దాటకూడదు, ఫలానా మనిషి వచ్చాడన్న మాట కూడా బయటికి పోకూడదు. అది మర్యాద ఒక్కటే కాదు, చట్టం కూడా. ఎవరి ప్రాణం మీదికన్నా వస్తేనో, కోర్టు అడిగితేనో తప్ప. రెండోది, తెలిసినవాళ్ళు వస్తే ముందు తనకు చెప్పాలి. ఝాన్సీ రెండూ బుద్ధిగా విని, మొదటిదాన్ని మాత్రమే పట్టుకుంది.

ఆమెకిచ్చిన తొలి కేసు తమ వీధిలోని పెదకోటయ్య. మాచర్ల నుంచి నాపరాళ్ళు తోలే లారీ డ్రైవరు. గుమ్మంలో ఝాన్సీని చూసి వెనక్కి తిరిగినవాణ్ణి ఆమే పిలిచి కూర్చోబెట్టింది. వినుకొండ దగ్గర ఒక స్కూటరు హఠాత్తుగా లారీకి అడ్డమొచ్చిందట. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, అప్పట్నించీ స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయట. ఇంట్లో మాత్రం లారీ షెడ్డులో ఉందని చెబుతున్నాడు. తన భార్య రత్తమ్మకు తెలియకూడదని మరీ మరీ అడిగాడు. ఝాన్సీ మాటిచ్చింది. ఆయన తమ వీధివాడని సార్‌కి చెబితే కేసు పోతుందేమోనని నోరు మూసుకుంది.

కొన్నాళ్ళకు రత్తమ్మ దోసకాయ పప్పు గిన్నెతో ఝాన్సీ వాళ్ళింటికి వచ్చింది. మొగుడు గురువారం గురువారం తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడిగి, ఎక్కడికని అడిగితే షెడ్డుకంటున్నాడని చెప్పింది. షెడ్డుకు సెంటు పూసుకుని పోయేవాణ్ణి తను ఇంతవరకూ చూడలేదంది. ఎవత్తో ఉందని తేలితే ఇద్దరి కాళ్ళూ విరగ్గొడతానంది. మనసులో మాట పట్టుకునే చదువే కదా నీది, మీ మావ సంగతేందో కాస్త కనిపెట్టమంది.

"నేనేం చెప్పలేను అత్తా" అంది ఝాన్సీ.

"చెప్పలేనంటే, తెలుసనేగా?"

ఝాన్సీ ఇరుక్కుపోయింది. తెలియదంటే అబద్ధం, తెలుసంటే తప్పు. ఆ కంగారులో రత్తమ్మ ఏమడిగినా చెప్పలేననే అంది. చివరికి పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే కూడా అదే జవాబు. ఈ పిల్లకు గాలిగానీ సోకిందా అన్నట్టు రత్తమ్మ, పక్కనే ఉన్న ఝాన్సీ తల్లి వైపు చూసింది.

మర్నాడు ఝాన్సీ సార్ దగ్గర అంతా కక్కేసింది. తెలిసినాయన అన్న సంగతి మొదటిరోజే ఎందుకు చెప్పలేదని ఆయన గట్టిగానే మందలించాడు. తర్వాత ఆమెను వేధిస్తున్న సందేహం బయటికొచ్చింది. రత్తమ్మ కాళ్ళు విరగ్గొడతానంది కదా, ఇప్పుడు పెదకోటయ్యను హెచ్చరించాలా, పోలీసులకు చెప్పాలా?

"ఆమె ఇంతకుముందు ఎవరి కాళ్ళన్నా విరగ్గొట్టిందా?" అని అడిగాడు సార్.

"లేదు సార్. కానీ రోజూ అంటది. కోళ్ళను కూడా అంటది."

సార్ నవ్వాపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బెదిరింపు విన్నప్పుడు ఇట్లాగే అడిగి తెలుసుకోవాలి, ఒంటరిగా తేల్చుకోకూడదు అన్నాడు. ఇకనుంచి ఈ కేసు తనే చూస్తానని, ఆ ముక్క పెదకోటయ్యకు గురువారం తనే చెప్తానని, ఆ సేపు ఆమె బయట కూర్చోవాలని అన్నాడు.

గురువారం ఝాన్సీ మెట్ల పైన కుర్చీ వేసుకుని కూర్చుంది. కాసేపటికి రొప్పుకుంటూ రత్తమ్మ మెట్లెక్కింది. మొగుడి వెనకాలే ఆటోలో వచ్చింది. ఝాన్సీని చూసి లోపల ఎవరున్నారని అడిగింది. చెప్పకూడదంది ఝాన్సీ. అప్పుడు రత్తమ్మ చూపు గుమ్మం పక్కనున్న టైరు చెప్పుల మీద పడింది. ఒకటి చేతిలోకి తీసుకుంది. తెగిన పట్టీకి రాగి తీగ చుట్టింది తనే.

"ఇది ఎవరిదే?"

"ఎవరి చెప్పులో కూడా చెప్పకూడదత్తా."

"చెప్పును నేను గుర్తుపట్టాన్లే. మనిషి సంగతి చెప్పు."

ఝాన్సీ లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆ చెప్పు కింద పెడితే మంచినీళ్ళిస్తానంది. రత్తమ్మ పెట్టలేదు.

లోపలికి ఈ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. బయటికి రావడం, రాకపోవడం నీ ఇష్టమని, వెనక వైపు మెట్లున్నాయని సార్ పెదకోటయ్యతో అన్నాడు. పెదకోటయ్య ముందువైపు తలుపే తీశాడు.

"స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నయ్యే" అన్నాడు, నేల చూస్తూ. స్కూటరు సంగతీ చెప్పాడు.

రత్తమ్మ చేతిలో చెప్పు కిందికి దిగింది. "నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నవ్వుతావనుకున్నా."

"నవ్వేదాన్నే. తర్వాత నీ పక్కన లారీ ఎక్కి కూర్చునేదాన్ని."

అని చెప్పు ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. ఆడమనిషి ఎవరూ లేరని తేలింది సరే, వీధంతా తిరిగి చెప్పిందాన్ని ఇప్పుడు వెనక్కి ఎట్టా తీసుకోవాలని మెట్లు దిగుతూ ఆయన్నే దులిపేసింది. ఝాన్సీతో మాత్రం మాట్లాడలేదు. ఇంత తెలిసి కూడా పప్పు తిని ఊరుకుందన్న కోపం ఆమెకు. ఆ కోపం చానా రోజులే ఉంది. అయినా అన్నమాట ప్రకారం మొగుడి పక్కన క్యాబిన్లో కూర్చుని, మొదట వీధి చివరిదాకా, తర్వాత రొంపిచర్ల దాకా వెళ్ళొచ్చింది. చేతులు వణికినప్పుడల్లా నవ్విందో లేదో ఆ ఇద్దరికే తెలుసు.

ఆ గురువారం సాయంత్రమే సార్ ఝాన్సీకి ఇంకో కేసు ఇవ్వబోయాడు. పేరు వినగానే ఆమె చెయ్యెత్తింది.

"ఆవిడ మా పిన్ని ఆడపడుచు సార్."

సార్ మెచ్చుకుని ఇంకో పేరు చెప్పాడు. ఆయన తనకు లెక్కలు చెప్పిన మాస్టారంది. మూడో ఆవిడ ఝాన్సీ తల్లికి చీటీల స్నేహితురాలు.

"అయితే నిన్ను మాచర్ల సెంటరుకు పంపిస్తా" అన్నాడు సార్.

"మాచర్లే మా అమ్మమ్మగారి ఊరు సార్" అంది ఝాన్సీ, ఎంతో నిజాయితీగా.