పదికి పదీ తప్పు

ఇంగ్లీషు వాక్యాన్ని రెండు ముక్కలు చేయడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఎవరి గురించి చెబుతున్నామో ఆ ముక్క సబ్జెక్టు. వాళ్ళ గురించి చెప్పే మిగతా మాటంతా ప్రెడికేట్. రెంటికీ మధ్య నిలువుగీత గీస్తే సరి. నలభై ఏళ్ళు గుడ్డ మీద సుద్దగీతలు గీసిన దర్జీకి అదెంత పని? అయినా సాయంత్రం బడిలో ఆయన ఆ పరీక్ష రెండుసార్లు తప్పాడు. తప్పినవాళ్ళు మళ్ళీ మొదటినుంచీ క్లాసులో కూర్చోవాలి. ఆయనకు కావలసిందీ అదే.

భార్య పోయాక ఆయనింట్లో చప్పుడు చేసేది కుట్టుమిషను ఒక్కటే. ఇక్కడైతే బెంచీ మీద పక్కవాళ్ళు రబ్బరు అడుగుతారు, నిన్న రాలేదేమని నిలదీస్తారు. ఫెయిలైన రోజున ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళిన విద్యార్థి లోకంలో ఆయనొక్కడేనేమో.

మూడో పరీక్ష రోజు టీచరమ్మ పేపర్లు అక్కడికక్కడే దిద్ది, అందర్నీ పంపేసి, ఆయన్ని ఉండమంది.

“మాస్టారూ, పదికి పదీ తప్పు. ఏమీ రానివాళ్ళకు కూడా గుడ్డిగా రెండైనా తగులుతాయి. అన్నీ తప్పు రాయాలంటే అన్నీ వచ్చుండాలి.”

దొంగ దొరికిపోయాడు.

“ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదమ్మా,” అన్నాడు తల దించుకుని. “పాసైతే ఇక రానివ్వరు కదా.”

“మూడుసార్లు తప్పినా రానివ్వరు మాస్టారూ. పేరు కొట్టేస్తారు. మీకెవరూ చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రేపటి సాయంత్రం తలచుకుంటే ఆయనకు భయం వేసింది.

ఆమె కొత్త ప్రశ్నపత్రం ఒకటి ముందు పెట్టింది. “మళ్ళీ రాయండి. వట్టి చేతులతో పోవడమెందుకు, సర్టిఫికెట్టు తీసుకుని వెళ్ళండి. ఏడింటికి గది తాళం వేయాలి.”

గడియారంలో ఆరూ అయిదు. పది గీతలు, రెండు నిమిషాల పని. ఆయన పెన్సిలు తీసుకుని మొదటి వాక్యం పైకి చదివాడు.

“మై బ్రదర్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్.” పెన్సిలు పక్కన పెట్టి అడిగాడు, “ఈ బ్రదర్ అన్నయ్యా, తమ్ముడా అమ్మా?”

టీచరమ్మ గడియారం వైపు చూసింది. తర్వాత సంచీ కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“తమ్ముడనుకుందాం,” అంది.

“అయితే పెళ్ళయిందంటారా?”

“ఇంకా లేదు. సంబంధాలు చూస్తున్నారు.”

ఆయన పెన్సిలు అందుకుని బ్రదర్ తర్వాత నిదానంగా, తిన్నగా గీత గీశాడు. ఇంకా తొమ్మిది వాక్యాలున్నాయి.