ఓబులమ్మత్త నిద్ర

బొంతల మధ్య నడుస్తున్నాను, మిద్దె మీద ఉన్నాననుకుంటే కాళ్ల కింద ఏటి ఇసుక తగులుతోంది, తీగల మీద ఆరేసిన బొంతలన్నీ తడిసి బరువెక్కి ఊగుతున్నాయి, గాలి మాత్రం లేదు. చివరి బొంతను పిండుతున్నది మా నాన్న చెల్లెలు ఓబులమ్మత్త. ఆమె చనిపోయిందని నాకు తెలుసు, అయినా ఇక్కడ ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదనిపిస్తుంది.

"పొద్దున్నే పోతాండారంట గదా అమ్మీ, పాపకు వాత పెట్టించేదానికి?"

బతికినన్నాళ్లూ అత్తకు మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది, సగం మేమే పూరించుకునేవాళ్లం. ఇప్పుడేమో గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతోంది, పెదాలు మాత్రం కదలడం లేదు.

"నేనేం చేసేది అత్తా? లిఖితకు ఏడేండ్లొచ్చినా పక్క తడుపుతాంది, నాలుగు మాటలు కూర్చి చెప్పలేదు. ఆస్పత్రిలో మాటలు నేర్పే మేడమేమో కొందరు పిల్లల్లో ఈ రెండూ జతగా ఉంటాయి, కొడితే తిడితే పోయేవి కావు, ఓపిక పట్టమనింది. మా అమ్మ వింటే గదా! మీ ఓబులమ్మత్తకు చిన్నప్పుడు సూది కాల్చి బొడ్డు కింద పెడితే ఇట్టే తగ్గిపాయె అంటాది."

బొంతలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఎప్పుడు వచ్చామో ఆస్పత్రి వరండాలో బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఉన్నాం, ఆ నీళ్లు మా చీలమండల దాకా వచ్చాయి. అత్త నా వైపు తిరుగుతుంది. ఆమె కళ్లకు రెప్పపాటు లేదు.

"తగ్గలేదమ్మీ. నిద్రపొయ్యేది మానుకున్యా. కండ్లు మూస్తే తడిసిపోతాదని గోడకానుకోని కూసుండేదాన్ని. మా అమ్మ పక్క తడిమి చూసి మురిసిపాయె."

"ఎవరికన్నా చెప్పకపోయినావా?"

"చెప్పేదానికి మాట యాడిది నాకు?"

నాకు ఏడుపు ముంచుకొస్తుంది, ఆమె చెయ్యి పట్టుకోబోతే తడి బొంత తగులుతుంది.

మెలకువ వచ్చింది. తెల్లవారుతోంది. అలవాటు కొద్దీ పక్క తడిమాను. పొడిగా ఉంది. అమ్మయ్య, దేవుడు కరుణించాడనుకుని తల తిప్పితే, లిఖిత గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, కళ్లు ఎర్రగా, పెద్దగా తెరుచుకుని. రాత్రి అమ్మా నేనూ అనుకున్నదంతా విన్నట్టుంది. నన్ను చూసి, మాట వెతుక్కుని, దొరకక, నా చెయ్యి లాగి పొడి దుప్పటి మీద పెట్టింది.

వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. "లెయ్యండి, ఆలస్యమైతాంది" అని అమ్మ పిలుస్తోంది. నేను లేచి తలుపు గడియ పెట్టి వచ్చి, బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకున్నాను.

"నిద్రపో తల్లీ. తడిస్తే తడవనీలే."