హనుమక్క ఫోటో

మహాలయ అమావాస్య వస్తే కాటన్‌పేటలో ఇంటింటా పోయిన పెద్దల ఫోటోలు గోడ దిగి, దుమ్ము దులుపుకుని, దండలు వేసుకుని తమకు పెట్టిన కొత్తబట్టల వెనక కొలువు తీరతాయి. సత్యభామ ఇంట్లో మాత్రం అమ్మ పేరిట పీట మీద ఓ చెంబు పెట్టి, దానికే బొట్టు పెట్టి, చీర పెట్టేవాళ్లు. హనుమక్క ముప్పై నిండకుండానే, కూతురికి ఊహ తెలియకముందే పోయింది. బతికినన్నాళ్లూ ఒక్క ఫోటో కూడా దిగలేదు.

కిందటేడు ఆ చెంబు ముందు కర్పూరం వెలిగిస్తూ నాయన అంజినప్ప ఉన్నట్టుండి భోరుమన్నాడు. "దాని మొగం మరిచిపోతా ఉండానమ్మా. గొంతు గుర్తుండాది, మొగమే జారిపోతా ఉండాది." పెళ్లాం గురించి ఏనాడూ నోరు విప్పని మనిషి.

"నువ్వు అచ్చం మీ అమ్మవే" అని చుట్టాలంతా అనేవాళ్లు. ఆ మాటే పట్టుకుని, ఈ ఏడు పండక్కి ముందే తన పెళ్లినాటి ఫోటో తీసుకుని బసవరాజు స్టూడియోకి వెళ్లింది. అది రెండువేల మూడు. బసవరాజు కొత్తగా కంప్యూటరు కొని, మెజెస్టిక్ బస్టాండు దాటి ఎరగని జంటలను కూడా మంచుకొండల ముందు నిలబెట్టి పంపుతున్న రోజులు. కూతురి మొహానికే పాతకాలపు చీరకట్టు, పెద్ద బొట్టు, ముక్కుపుడక పెట్టి అమ్మను తయారుచేశాడు. చేతులూరుకోక ఒంటిరంగు తెల్లగా తేల్చాడు, పెదాలు ఎర్రజేశాడు, అడక్కుండానే మెడలో కాసులపేరు కూడా వేశాడు.

అంజినప్ప ఆ ఫోటోను వాకిట్లో వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. కండువా వేసుకుని, ఫోటో చంకన పెట్టుకుని బయల్దేరాడు. తిట్టినా బాగుండేదనుకుంటూ సత్యభామ వెనకాలే పరుగెత్తింది. మిగిలిన కాస్త గుర్తునూ తనే చెరిపేసిందేమోనని ఆమె భయం.

ఆయన నేరుగా స్టూడియోకి వెళ్లి, స్టూలు లాక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"ఈమె ఎవురో షావుకారు పెండ్లామప్పా. రంగు తగ్గించు."

బసవరాజు తగ్గించాడు.

"ఇంకా. ఎండలో ఇటికెలు మోసింది అది."

కాసులపేరు తీయించి నల్లపూసలు వేయించాడు. "మా పాప మాదిరి పండ్లు కనపడేటట్ల నవ్వేది కాదు, పెదాలు బిగబట్టి నవ్వేది" అన్నాడు. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉండాలన్నాడు, చిన్నప్పుడు గడప మీద పడిందట. తప్పు దిద్దుతున్నకొద్దీ మరిచిపోయాననుకున్నవన్నీ ఆయనకు ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. తెర మీద తన మొహం కొంచెం కొంచెంగా తనది కాకుండా పోతుంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అమ్మను చూస్తున్నానని సత్యభామకు ఏడుపాగలేదు.

"ఇదే. ఇదే నా హనుమక్క" అన్నాడు అంజినప్ప, తెరను వేళ్లతో తాకుతూ.

బసవరాజుకు హుషారొచ్చింది. "మిమ్మల్నీ పక్కన పెట్టేస్తా తాతా. ముడతలు తీసేసి, మీసం నల్లగా చేసి, పాతికేండ్ల పిల్లోడ్ని చేస్తా. జోడీ బాగుంటాది."

"పక్కన పెట్టప్పా. ముడతలు మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు ముసలాయన. "నేనూ పడుచోని మాదిరి నిలబడితే, అది పోయినాక ఈ బిడ్డను ఎవురు సాకినారో దానికి ఎట్లా తెలుస్తాది?"