భోజనాల గది గోడ మీద మ్యాప్

భోజనాల బల్ల పక్క గోడను నిలువెత్తు తెల్ల కాగితం ఆక్రమించుకుంది. దాని నిండా రంగు చీటీలు, వాటి మధ్య బాణాలు. ఊళ్లో జనం మనసులు ఎందుకు పాడవుతున్నాయో ఆఫీసుల వాళ్లకి ఇలాంటి మ్యాపులు గీసి చెప్పడమే ఆ ఇంటాయన ఉద్యోగం. ఇప్పుడు సొంత కూతురి వంతు వచ్చింది.

పిల్ల కాలేజీ మానేసి గదిలోనే ఉంటోంది. పెట్టిన కంచం పెట్టినట్టే బయటికొస్తోంది. మనసు డాక్టరమ్మ ఇవాళ పొద్దున రమ్మంది. ముగ్గురం వెళదామని పిల్ల తల్లి తన భర్త చొక్కా కూడా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది.

"ఇవాళ రాలేమని చెప్పెయ్," అన్నాడాయన, స్కెచ్‌పెన్ను మూత పళ్ల మధ్య పట్టుకుని. "మూలం తేలకుండా మందులేమిటి? మ్యాప్ ఇంకా పూర్తవలేదు."

"అది పూర్తయ్యేలోగా పిల్ల పూర్తయ్యేలా ఉంది."

"నీకన్నీ వెటకారమే. సమస్యని విడిగా చూడకూడదు. మొత్తం వ్యవస్థని చూడాలి."

ఆవిడ చూసింది. నిద్ర, ఫోను, పరీక్షలు, స్నేహితులు. ఎక్కడ బయల్దేరిన బాణమైనా చుట్టూ తిరిగి 'అమ్మ' అన్న ఎర్ర చీటీకే గుచ్చుకుంటోంది. దాని పక్కన చిన్నక్షరాల్లో 'పెద్ద గొంతు' అని కూడా రాశాడు. తన చొక్కా బీరువాలో ఏ అరలో ఉంటుందో ఇప్పటికీ తెలియని మనిషి, ఊరి దుఃఖమంతటికీ దారులు గీస్తున్నాడు.

నీళ్లకోసం బయటికొచ్చిన పిల్ల గోడ ముందు ఆగింది.

"నాన్నా, ఇందులో నువ్వెక్కడ?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "గీసేవాడు బయటుండాలమ్మా. మా పద్ధతే అది. లోపలుంటే ఏదీ సరిగ్గా కనపడదు."

"నిజమే. ఆ రోజు నీ గదికొచ్చి నాకు బతకాలని లేదన్నాను. మీటింగులో ఉన్నాను, తర్వాత మాట్లాడదాం అన్నావు."

పిల్లకోసం నీళ్లు నింపిన గ్లాసు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. ఈ మాట తనకెవరూ చెప్పలేదు. భర్త వైపు చూసింది. ఆయన తల వంచుకుని ఏదో రాస్తున్నాడు.

"ఇది చాలా విలువైన పాయింటు," అంటూ కట్టలోంచి కొత్త చీటీ చింపాడు. 'ఇంట్లో మాటల కరువు' అని ఉంది దాని మీద. ఎక్కడ అంటించాలా అని కాసేపు వెతికి, 'అమ్మ' చీటీ పక్కన అంటించాడు.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"చెప్పులేసుకో తల్లీ."

కుర్చీకున్న ఇస్త్రీ చొక్కా తీసి బీరువాలో పెట్టేసింది. ఏ అరలో పెట్టిందో చెప్పలేదు.