వంకరల డాక్టరు

చక్రం వంకరగా కనిపిస్తే సైకిల్ మెకానిక్ మామయ్యకు అన్నం సహించదు. దారిన పోయే సైకిలును ఆపి మరీ స్పోకులు బిగించి పంపుతాడు. ఎవరింటికి వెళ్లినా ముందు గోడ మీది కేలెండరు తిన్నగా పెట్టి, ఆ తర్వాతే కూర్చుంటాడు. వంకరల డాక్టరని ఆయనకు పేరు పెట్టింది పదేళ్ల మేనకోడలు. నడవలేని ఆ పిల్లను చక్రాల కుర్చీలో రోజూ బడికి తోసుకెళ్లేది ఈయనే.

ఆ పిల్లకూ, ఆమెలాంటి మరో ఏడుగురికీ ఈమధ్య బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టింది. పట్టించింది వాళ్లకు ఆట నేర్పే కోచమ్మ. ఎనిమిది ఆట కుర్చీలు కావాలి, ఒక్కటీ లేదు. ఆదివారం సాయంత్రంలోగా వాటికి డబ్బు పోగవకపోతే, ఊరి ఆటల హాల్లో పిల్లలకిస్తామన్న శనివారం గంట బ్యాడ్మింటన్ వాళ్లకు పోతుంది. అందుకని కోచమ్మ ఒక పందెం పెట్టింది. టికెట్టు కొన్నవాళ్లు మామూలు చక్రాల కుర్చీలో కూర్చుని, ప్లాస్టిక్ కోన్ల మధ్య మెలికలు తిరుగుతూ మేనకోడలితో పోటీపడాలి. పక్క ఊరి జట్టు దగ్గర ఆ పిల్ల రెండు వారాలు సాధన చేసిన ఆట కుర్చీని అరువు తెచ్చి, పందెం ముందురోజు కాస్త నూనె వేయమని కోచమ్మే మామయ్య షాపులో దింపి వెళ్లింది.

దాన్ని చూసి మామయ్య నిలువునా నీరయ్యాడు. రెండు చక్రాలూ పైన లోపలికి, కింద బయటికి వాలి ఉన్నాయి. వెనక పట్టుకుని తోయడానికి పిడులైనా లేవు. ఇంత అన్యాయంగా చేసినవాణ్ణి తిట్టుకుంటూ వాషర్లు తీసి చక్రాలను నిటారుగా నిలబెట్టాడు. రెండు పిడులు వెల్డింగ్ చేసి మెత్తటి తొడుగులు కూడా వేశాడు. మర్నాడు మైదానంలోకి గుడ్డ కప్పి తెచ్చి, అందరి ముందూ గుడ్డ లాగి మీసం దువ్వుకున్నాడు. మేనకోడలిని అందులో కూర్చోబెట్టాడో లేదో, ఆమె నోరు తెరిచేలోగా మైదానం అవతలి చివర నుంచి కోచమ్మ ఈల మోగింది.

మొదటి కోన్ దగ్గర కుర్చీ తిరగనని మొండికేసింది. పిల్ల విసురుగా తిప్పితే పక్కకు ఒరిగి పడిపోయింది. మొదటి టికెట్టు కొన్న బేకరీ యజమాని తన బొజ్జతో సహా నింపాదిగా దాటుకుపోయాడు. మామయ్య పరుగెత్తేసరికి ఆమె మోచేయి దులుపుకుని కుర్చీలోకి పాకుతోంది. కోచమ్మ దగ్గరికొచ్చి కుర్చీని చూసి, ఈయన్ని చూసి తల పట్టుకుంది. చక్రాలు అలా వాలి ఉంటేనే కుర్చీ ఒరగకుండా గిర్రున తిరుగుతుందని చెప్పింది. తానే బాగుచేశానని మామయ్య నీళ్లు నమిలాడు. ఆ సంగతి నోటినోటా పాకి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. భూమి చీలితే దూరిపోదామనిపించింది ఆయనకు.

కోచమ్మ గడుసుది. వంకరల డాక్టరు తన చేత్తో వంకర పెట్టడం చూడాలంటే పెట్టెలో ఎంతో కొంత వేయాల్సిందేనని ప్రకటించింది. జనం ఎగబడ్డారు. ఆయన కేలెండరు సరిచేసిన ప్రతి ఇల్లూ ఆ రోజు పగ తీర్చుకుంది. పానాతో మైదానం మధ్య చతికిలబడి ఆయన ఒక్కో వాషరూ దూరుస్తుంటే, ఇంకొంచెం వంకర కావాలని నాలుగు వైపుల నుంచీ సలహాలు. కళ్లు మూసుకుని బిగించాడు. తీరా తిప్పి చూస్తే, ఆ వంకరకూ ఒక లెక్క ఉంది. మామయ్య ముచ్చటపడి మళ్లీ తిప్పాడు.

"అవి కూడా తీసెయ్ మామయ్యా," అంటూ మేనకోడలు పిడులు చూపించింది.

"అవేం అడ్డమే నీకు? పడితే పట్టుకోవడానికి..."

"పడితే లేస్తాను, చూశావుగా. పిడులుంటే నువ్వు పట్టుకోకుండా ఉండలేవు."

ఆయన రంపం తీసి రెండు పిడులూ కోసి, చేతికి గుచ్చుకోకుండా అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాడు.

ఆ తర్వాత ఆ పిల్లకు పట్టపగ్గాల్లేవు. బేకరీ యజమాని ఓడాడు, వాళ్లావిడ ఓడింది, ఓడిన కసితో ఇద్దరూ మళ్లీ టికెట్లు కొన్నారు. పెట్టె నిండిపోయి బేకరీ బుట్ట తెప్పించాల్సి వచ్చింది. శనివారం గంట ఇక పిల్లలదేనని హాలు వాళ్లు చెప్పగానే, మిగతా ఏడుగురూ తమ మామూలు కుర్చీలే గిరగిరా తిప్పుతూ మైదానం ఎగిరిపోయేలా గోల చేశారు.

చివరి టికెట్టు మామయ్య కొన్నాడు. కుర్చీ వద్దు, కాళ్లతోనే పరుగెత్తుతానన్నాడు. ఈల మోగింది. మొదటి కోన్ దగ్గర మేనకోడలు గిర్రున తిరిగింది. పాత అలవాటు కొద్దీ ఆయన చేతులు పిడుల కోసం ముందుకు సాగాయి. గాలి తప్ప ఏమీ దొరకలేదు. రొప్పుతూ, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తాడు. ఇన్నేళ్లూ ఆ పిల్ల వెనకే నడిచినవాడు, ఆమెను అందుకోలేకపోవడం అదే మొదటిసారి.